ఉరుము గొంతు తగ్గించిన రోజు

మా చెల్లెలి మొగుడు లాండ్రీలో సూపర్‌వైజరు. చాటున అందరూ ఆయన్ని "ఉరుము" అంటారు. నేను అక్కడే ఇస్త్రీ చేస్తాను, వాళ్ళ పక్క వాటాలోనే ఉంటాను. రెండు చోట్లా ఆ ఉరుము నాకే, ఖర్మ!

మనిషి చెడ్డవాడు కాదు. కానీ చెడ్డ కబురు చెవిన పడితే చాలు, చెప్పినవాడి మీద విరుచుకుపడతాడు. అందుకే మాకో అలవాటయింది. ఆయన చెప్పుల చప్పుడు వినగానే గుమ్మం దగ్గరున్నామె ఇస్త్రీపెట్టెతో బల్ల మీద టకటకా కొడుతుంది. అందరం నోళ్ళు కుట్టేసుకుంటాం. ఏమడిగినా ఒకటే జవాబు, "అంతా బాగుంది సార్." ఇంట్లో అయితే మా చెల్లెలు దగ్గుతుంది. అంతే తేడా.

ఆ మధ్య వాళ్ళ పిల్ల చేతి మీద వేణ్ణీళ్ళు ఒలకబోసుకుంది. నాన్నకు తెలిస్తే కొంప మునుగుతుందని పొడుగు చేతుల గౌను తొడుక్కుని తిరిగింది. నాక్కూడా చెప్పలేదు, గడుగ్గాయి! చివరికి జ్వరంతో పడిపోతే ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాం. చీము పట్టిన ఆ చెయ్యి చూసి నా ప్రాణం ఉసూరుమంది.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ? చెయ్యి దక్కింది, సంతోషించండి" అంది డాక్టరమ్మ.

ఆయన పిల్లని, తల్లిని ఇంట్లో దించి, నాతో పాటు లాండ్రీకి వచ్చాడు. గుమ్మంలో టకటక మోగింది.

"ఆ చప్పుడేంటి వదినా?"

"మీరొస్తున్నారని."

"మరి ఇంట్లో?"

"ఇంట్లో దగ్గు" అన్నాను. ఇక్కడ ఇంకేం దాస్తున్నారో అన్నట్టు ఆయన చుట్టూ చూశాడు.

తిన్నగా బాయిలర్ గదిలోకి వెళ్ళాడు. వెనకే నేనూ. బాయిలర్ చూసుకునే మనిషి లేచి నిలబడి, "అంతా బాగుంది సార్" అన్నాడు. కళ్ళు మాత్రం బాయిలర్ మీదే ఉన్నాయి. ఆయన బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు.

"తిట్టను. నాకు భయంగా ఉందయ్యా. ఉన్నది చెప్పు."

ఎవరు నమ్ముతారు? తిట్టననడం కొత్త రకం తిట్టేమో అనుకున్నాం. బాయిలర్ గుర్రుమంటోంది. దాని ఇనప రేకులు అదురుతున్నాయి.

"చెప్పి చావవయ్యా బాబూ!" అని నేనే అరిచాను.

"సేఫ్టీ వాల్వు పట్టేసింది సార్. ఆవిరి ఎక్కువైతే బయటికి పోయే దారి లేదు. నిన్నట్నుంచీ ఇంతే."

నోటిదాకా వచ్చిన తిట్టును ఆయన మింగడం కళ్ళారా చూశాను. "మంట ఆర్పు. అందరూ బయటికి పదండి" అన్నాడు. అది చల్లారేదాకా మేమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాం. ఆయన బాయిలర్ మనిషి భుజం మీద చెయ్యి వేసి, "చెప్పావు కాబట్టి బతికాం" అన్నాడు. వాడు ఆ చేతికి కూడా ఉలిక్కిపడ్డాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా చెల్లెలు అలవాటు కొద్దీ దగ్గింది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్పులు విడిచి, మెల్లగా వెళ్ళి పిల్ల ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"నొప్పిగా ఉందా తల్లీ?" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకప్పటిదాకా తెలియదు.

పిల్ల కట్టు కట్టిన చేతిని వీపు వెనక్కి దాచుకుంది.

"ఏం లేదు నాన్నా."