మా బావ తీసేసిన ఛానెల్

మా బావ డిష్‌లు బిగిస్తాడు. బిగించి ఊరుకుంటే ఆయన మా బావ ఎందుకవుతాడు? రిమోట్ అందుకుని, సోఫాలో తీరిగ్గా కూర్చుని, ఆ ఇంటివాళ్ళు ఏం చూడాలో కూడా ఆయనే తేలుస్తాడు. వార్తలు ముందు, సీరియళ్ళు తర్వాత, ఆపైన పాటలు. ఆయనకు నచ్చనివి జాబితాలోంచి గల్లంతు. ఎవరూ అడగని ఈ సేవ ఇరవై ఏళ్ళుగా మా వీధి మొత్తానికీ చేస్తున్నాడు.

నచ్చనివాటిలో మొదటిది ఫుట్‌బాల్ ఛానెల్. "అంతమంది ఒక్క బంతి వెనక పడడం మనం కూర్చుని చూడాలా?" అంటూ ఏ ఇంట్లో కనబడితే ఆ ఇంట్లో పీకేసేవాడు.

అలాంటి మనిషి కూతురు గోల్‌కీపర్ అయింది. ఆమె ఆడే ఫైనల్ టీవీలో వస్తుందని తెలిసినప్పటి నుంచి బావ కాళ్ళు నేలమీద ఆనలేదు. పిల్ల బయల్దేరుతూ, "నాన్నా, ఈసారైనా నా ఆట చూస్తావా?" అని అడిగింది.

"చూడకపోతే నేను నీ నాన్ననే కాదు" అన్నాడు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆట. సరిగ్గా ఐదు నిమిషాల ముందు బావ రిమోట్ పట్టాడు. వార్తలు, సీరియళ్ళు, పాటలు. మళ్ళీ వార్తలు.

"ఏ ఛానెల్లో వస్తుందో తెలుసా?" అంది మా అక్క.

"నాకు తెలియని ఛానెలా?"

"తెలుసు కాబట్టేగా తీసేశారు."

బావ రిమోట్ గట్టిగా నొక్కాడు. ఛానెళ్ళన్నీ మళ్ళీ మొదట్నుంచి వెతకమని బాక్సుకు చెప్పాడు. తెరమీద రెండు శాతం అని పడి, అక్కడే తిష్ఠ వేసింది. నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి పరిగెత్తాడు.

"మీరేగా వద్దన్నారు" అన్నారు పక్కింటి లెక్కల మాస్టారు. ఎదురింట్లోనూ అదే మాట. సెలూన్లో అయితే కుర్చీలో సబ్బు నురగతో ఉన్నాయన కూడా నవ్వాడు. ఇలా వీధి చివరిదాకా తలుపులన్నీ తట్టేసరికి గంట దాటింది. ఇన్నేళ్ళ పనిలో బావ ఒక్క ఇంటినీ వదల్లేదు మరి. ఇంత శ్రద్ధగా పనిచేసే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

వదిలింది ఒక్క ఇల్లే. సెలూన్ పైన మూడో అంతస్తులో దర్జీ పెద్దమ్మది. "నా టీవీ జోలికొస్తే కత్తెర తీస్తా" అని ఆయన్ను అప్పట్లో గుమ్మంలోంచే పంపేసింది. ఆ మెట్లు ఎక్కడానికి బావకు మొహం చెల్లలేదు. మెట్ల దగ్గర నిలబడి చాలాసేపు గోడ చూశాడు. చివరికి నేనే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను.

పెద్దమ్మ కుట్టు మిషన్ ఆపి టీవీ చూస్తోంది. మేం లోపలికి అడుగుపెట్టేసరికి ఈల మోగింది. ఆట అయిపోయింది. జట్టంతా కలిసి మా పిల్లను పైకెత్తింది. బావ అలా చూస్తుండగానే సబ్బు ప్రకటన వచ్చింది.

"ఇప్పుడా రావడం?" అంది పెద్దమ్మ. "ఆఖర్లో నీ కూతురు పక్కకి దూకి బంతిని పట్టేసింది. నేనైతే సూది కింద పడేసుకున్నా."

"ఎటు దూకింది పెద్దమ్మా?"

"ఎడమవైపు."

"మళ్ళీ చెప్పు."

ఆమె మళ్ళీ చెప్పింది. నేను ఆయన్ను ఏడిపించడానికి ఇందాకట్నుంచి దాచుకున్న మాటలన్నీ మింగేశాను. అంతలో బావ ఫోను మోగింది.

"నాన్నా, చూశావా?"

అన్నింటికీ నాలుక చివర జవాబుండే మనిషి పెద్దమ్మ వైపు చూశాడు.

"పెద్దమ్మ చూసిందమ్మా" అన్నాడు. "నేను వెతుకుతూ ఉన్నా."