స్టీలు అట్ట పుస్తకం

జేబు పుస్తకాల గురించి నాకు తెలిసినంత విశాఖపట్నంలో ఇంకెవరికీ తెలియదని ఆ రోజుల్లో నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పెద్దగా సడలలేదు.

జేబు పుస్తకాలంటే తేదీలు వేసిన డైరీలు కావు. అరచేతిలో పట్టేంత, షర్టు జేబులో ఇమిడేంత చిన్న నోటు పుస్తకాలు. అవి దుకాణాల్లో దొరకవు. షిప్పింగ్ కంపెనీలు, ఓడలకు సరుకులు అందించేవాళ్లు, స్టీల్ ప్లాంటులో పనులు చేసే కాంట్రాక్టర్లు కొత్త సంవత్సరానికో, ఏదైనా పెద్ద పని పూర్తయినప్పుడో కొద్దిగా అచ్చు వేయించి తమ ఖాతాదారులకు పంచేవారు. అయిపోతే అయిపోయినట్టే. మళ్లీ అదే పుస్తకం ఎవరూ వేయించరు. నాకు వాటిమీద మోజు పుట్టడానికి కారణం అదే.

తొంభైల మొదట్లో డిగ్రీ అవగానే పోర్టు గేటుకు దగ్గర్లో, ఓడ సరుకులకు కస్టమ్స్ కాగితాలు చూసే ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో టైపిస్టుగా చేరాను. ఒక రోజు ఓ ఓడ కెప్టెన్ కాగితాల మీద సంతకాలు పెట్టడానికి మా ఆఫీసుకు వచ్చాడు. నేను టైపు చేసిచ్చిన కాగితాల్లో ఒక్క తప్పూ లేదని మెచ్చుకుని, తన జేబులోంచి ఓ కొత్త పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టాడు. నీలం గుడ్డ అట్ట, గుండ్రంగా కత్తిరించిన మూలలు. అట్ట మీద ఆ ఓడ బొమ్మ. ఆ ఓడ మొదటిసారి సముద్రంలోకి దిగిన సందర్భంగా, అందులో పనిచేసేవాళ్ల కోసం మాత్రమే వేయించారట. నేను దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఎంతసేపు తిప్పి చూశానో. కుట్టు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియలేదు. అంత చిన్న వస్తువు మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్లు ఎవరో, ఏ ఊరివాళ్లో అనిపించింది.

ఆ తర్వాత నేను మొహమాటపడటం మానేశాను. ఆఫీసుకు ఎవరొచ్చినా, "మీ కంపెనీ పాకెట్ బుక్ వేయించిందాండీ?" అని అడిగేదాన్ని. అడిగితే ఇచ్చేవారు. ఆడపిల్ల ఇలా అడగడం ఏం బాగుంటుందని మా హెడ్ క్లర్కు ఒకసారి నసిగాడు. మర్నాడు ఆయనే వాళ్ల బావమరిది ఇచ్చాడంటూ ఒక పుస్తకం తెచ్చిపెట్టాడు.

నాకు పోటీ మా ఇంట్లోనే తయారైంది. మా అక్కను స్టీల్ ప్లాంటులో పనిచేసే ఆయనకు ఇచ్చారు. గాజువాకలో కాపురం. నేను సీతమ్మధార నుంచి ఆదివారాలు వాళ్లింటికి వెళ్లేదాన్ని. మా బావ మొదట్లో నన్ను ఏడిపించడానికే ఒకటి తెచ్చాడు.

"ఇదిగో మరదలా, నీ ఓడ పుస్తకం కన్నా బాగుంది సూడు. మా రోలింగ్ మిల్లుకి బేరింగులు ఇచ్చే కంపెనీది."

నేను తీసుకుని తెరిచి, వెన్ను మీద వేలు పెట్టి నొక్కాను. రెండు పేజీలు ఊడి నా ఒళ్లో పడ్డాయి.

"బంక అంటించారు బావా. కుట్టలేదు," అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. అప్పటినుంచి ఆయనకూ పట్టుకుంది. మిల్లుకు వచ్చే ప్రతి ఇంజనీరునూ పుస్తకం అడగడం మొదలుపెట్టాడు.

ఆదివారం భోజనాలయ్యాక చాప మీద పుస్తకాలు పరిచేవాళ్లం. ఏ కాగితం మీద ఇంకు పెన్నుతో రాస్తే వెనకవైపుకు దిగుతుంది, ఏది తెరిచి పెడితే తెరిచినట్టే ఉంటుంది, దేని మూలలు ముందు నలుగుతాయి, ఇవీ మా తగువులు. మా అనుభవాలు వేరు. మా ఆఫీసు సముద్రం గాలికి ఎదురుగా ఉండేది. పిన్నులు కొట్టిన పుస్తకమైతే ఒక్క వర్షాకాలానికే తుప్పు మరక పేజీల మీదకు పాకేది. బావ పనిచేసే చోట వేడి. అక్కడ బంక కరిగి అట్ట జేబుకు అంటుకునేది. పోర్టులో నిలిచిన పుస్తకం ప్లాంటులో ఓడిపోయేది, ప్లాంటులో నెగ్గింది పోర్టులో బూజు పట్టేది. బావ నూటికి ఇన్ని అని మార్కులు వేసేవాడు. నాకు మార్కులు నచ్చవు. ఏది గొప్పదో చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, అంతే.

మా అక్క మమ్మల్ని చూసి తల కొట్టుకునేది. "ఇద్దరికీ ఏటి పిచ్చి పట్టినాదో. ఒక్క ముక్క రాయరు, పుస్తకాలు మాత్రం కొంపనిండా."

నా పెళ్లయ్యాక కూడా నేను ఆ ఆదివారాలు మానలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక సంగతి నా చెవిన పడింది. మా ఆఫీసుకు వచ్చే పెద్దాయన ఒకాయన, ప్లాంటు కట్టే రోజుల్లో అక్కడ ఏదో కంపెనీకి సామాను సరఫరా చేసినవాడు, నా బల్ల మీద పుస్తకం చూసి నవ్వాడు.

"ఇవన్నీ అట్ట పుస్తకాలమ్మా. స్టీలుతో చేసింది నువ్వు చూసి ఉండవు."

ఆయన చెప్పింది ఇది. ప్లాంటులో ఇనుము కరిగించే పెద్ద కొలిమి కట్టిన కాంట్రాక్టు కంపెనీ ఒకటి, పని ముగిసిన రోజున ఒక జేబు పుస్తకం పంచింది. పైన ఒకటి, కింద ఒకటి పలచటి స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు. మధ్యలో కాగితాలు పెట్టి, పక్కన రెండు చిన్న స్క్రూలతో బిగించారు. చూడటానికి వెండిలా మెరిసేదట. అయితే అంచులు సరిగ్గా నునుపు చేయలేదు. పంచిన రోజే ఇద్దరు ముగ్గురి వేళ్లు తెగాయి. కంపెనీవాళ్లు సిగ్గుపడి, ఇచ్చినవన్నీ వెనక్కు తీసుకుని తుక్కులో వేశారు.

ఆ ఆదివారం బావకు చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు.

"నాను ప్లాంటు పునాదుల కాణ్ణించి అక్కడే ఉన్నాను. నాకు తెలీకుండా స్టీలు అట్ట పుస్తకమా? నీకెవుడో కత సెప్పినాడు."

"ఉంది బావా. వెనక్కు తీసుకున్నారంటే ఒకటో రెండో తప్పకుండా మిగిలే ఉంటాయి. అందరూ తిరిగివ్వరు కదా."

"నేదు."

"ఉంటే?"

"ఉంటే నా దాంట్లో నీకు నచ్చింది పట్టుకుపో. నేకపోతే నీ నీలం ఓడ పుస్తకం నాది."

ఆయన దగ్గర ఒక ఆకుపచ్చ తోలు పుస్తకం ఉండేది, జపాన్ ఇంజనీర్లు ఇచ్చింది. దాని మీద నాకు ఎన్నో ఏళ్లుగా కన్ను. సరేనన్నాను. ఓడిపోతానన్న ఆలోచనే నాకు రాలేదు.

వెతకడం అంటే అడగడమే. గాజువాకలో పాత కాంట్రాక్టు కంపెనీల్లో పనిచేసినవాళ్లు చాలామంది స్థిరపడ్డారు. కిరాణా కొట్టులో, మందుల షాపులో, గుడి దగ్గర, ఎవరు మాట కలిపినా అడిగాను. చాలామంది వినలేదన్నారు. ఒకామె మాత్రం, "మా జాకెట్లు కుట్టే టైలరు దగ్గర కొలతల పుస్తకానికి స్టీలు రేకు ఉండేదమ్మా, ఎప్పుడో చూశాను," అంది.

ఆ టైలరు దుకాణం మెయిన్ రోడ్డుకు వెనక సందులో ఉంది. యాభై దాటిన మనిషి. విషయం చెప్పగానే మిషను ఆపాడు.

"మా తమ్ముడు ఆ కంపెనీలో వెల్డరండి. వెనక్కియ్యమంటే పోనాదని సెప్పేసి నాకిచ్చినాడు." ఆయన సొరుగులోంచి తీసి నా చేతిలో పెట్టింది వట్టి కాగితాల కట్ట. ఎడమవైపు తెల్లదారంతో కుట్టి ఉంది. కుట్టు పక్కన పైనా కిందా రెండు గుండ్రటి చిల్లులు. "అట్టలు గుడ్డకి తగిలి దారాలు లాగేసేవి. స్క్రూలు ఇప్పేసి, కాయితాలు కుట్టేసుకున్నాను."

"మరి అట్టలు?"

"ఒకటి ఎక్కడో పోనాది. రెండోది మా ఇంటికి సేపలు తెచ్చే ఆవిడ అడిగితే ఇచ్చేసినాను. ఆదివారం బజార్లో కూకుంటాది, ఎల్లి సూడండి."

కాగితాల కట్ట నిండిపోయి చాలా కాలమైంది. నాకే ఇచ్చేశాడు. ఎవరెవరి నడుము కొలతలో, చేతుల పొడవులో అన్నీ అందులో ఉన్నాయి. నాకు కావలసింది ఆ చిల్లులు.

ఆదివారం పొద్దున్నే బావను లాక్కుని చేపల బజారుకు వెళ్లాను. టైలరు చెప్పిన ఆవిడ గంగవరం వైపునుంచి వస్తుంది. ఇంట్లో మగవాళ్లు సముద్రం మీద వేటకెళితే, వాళ్లు తెచ్చిన చేపలు ఆవిడ ఇక్కడ అమ్ముతుంది. గంప ముందు కూర్చుని గొరక చేపకు పొలుసు తీస్తోంది. చేతిలో మెరుస్తూ ఒక రేకు. తోకనుంచి తలవైపు ఒక్క లాగు లాగితే పొలుసులు ఎగిరి పడుతున్నాయి.

నేను ఆవిడ ఎదురుగా చతికిలబడ్డాను. "అక్కా, ఆ రేకు ఒకసారి చూపిస్తావా?"

"సేప కావాలేటి, రేకు కావాలేటి?"

"రేకే."

ఆవిడ చెయ్యి ఆపి నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఇది నానెవులికీ ఇవ్వను తల్లీ. పదేళ్లబట్టి దీంతోటే గీకుతన్నాను. తుప్పు పట్టదు, మొద్దుబారదు. ఇంకోటి ఇలాటిది దొరకలేదు."

"నాకు ఇచ్చేయొద్దు. ఇక్కడే, నీ ముందే చూసి ఇచ్చేస్తాను."

ఆవిడ రేకును బకెట్ నీళ్లలో ముంచి, కొంగుతో తుడిచి ఇచ్చింది. "అంచు కాడ జాగర్త. సెయ్యి తెగుద్ది."

ఒక అంచును రాతి మీద నూరి ఉంది. మిగతాది అలాగే ఉంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, అరిగిపోయిన గీతల కింద పొగగొట్టం బొమ్మ, దాని పక్కన కొలిమి ఆకారం లీలగా కనిపించాయి. ఎడమ అంచున రెండు చిల్లులు.

సంచిలోంచి కాగితాల కట్ట తీసి దాని మీద రేకు పెట్టాను. బావ వంగి చూశాడు. తర్వాత జేబులోంచి అగ్గిపెట్టె తీసి, రెండు పుల్లల తలలు విరిచి, చిల్లుల్లోకి దూర్చాడు. రేకులోంచి దిగిన పుల్లలు కాగితాల్లోంచి సూటిగా అవతలికి వచ్చాయి.

"ఏటి బావా?"

"ఉన్నాది," అన్నాడు. "ఒప్పుకున్నాను. ఉన్నాది."

చుట్టూ చేపలు కొనడానికి వచ్చినవాళ్లు నలుగురైదుగురు మూగారు. ఒకాయన, ఇదేం తూకం రాయా అని అడిగాడు. నేను మా చాప మీద చేసే పరీక్షలన్నీ అక్కడే చేశాను. తెరిస్తే సగమే తెరుచుకుంది. చెయ్యి తీయగానే రేకు టప్పున మూసుకుంది. ఎండలో రెండు నిమిషాలుంటే పట్టుకోలేనంత వేడి. బరువు సరేసరి. ఆఖరి పరీక్షగా బావ దాన్ని షర్టు జేబులో పెట్టుకున్నాడు. ఒక అడుగు వేశాడో లేదో, పర్రుమని చప్పుడు. జేబు అడుగు చినిగి, పుస్తకం ఆయన చెప్పు మీద పడింది.

చేపలావిడ ముందు నవ్వింది. తర్వాత అందరం నవ్వాం. బావ కూడా, చినిగిన జేబులోంచి వేళ్లు బయటపెట్టి ఆడిస్తూ.

"అయిపోనాదేటి మీ సూడ్డం? ఇలాగియ్యండి. బేరం పోతన్నాది."

ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి వదలబుద్ధి కాలేదు, నిజమే. కానీ నేను మా చాప మీద పోల్చి చూసిన పుస్తకాలన్నిట్లోకీ అరుదుగా దొరకడంలో అది మొదటిది, పుస్తకంగా ఆఖరిది. ఆ మాట చెప్పగల హక్కు ఊళ్లో నాకొక్కదానికే వచ్చింది. అంతకంటే ఆ రేకు నాకు ఇవ్వగలిగింది ఏమీ లేదు. ఆవిడ దగ్గర గొరకలు కొనుక్కుని ఇంటికి వచ్చాం. బావ బీరువా తీసి ఆకుపచ్చ తోలు పుస్తకం నా చేతిలో పెట్టాడు. మొహం మాత్రం సాయంత్రం దాకా ముడుచుకునే ఉంది.

ఈ కథ మా ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది. ఆ ఏడాది చివర్లో మా యజమాని నన్ను పిలిచి, "ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల పుస్తకాలకు వంకలు పెట్టావు. ఈసారి మనది నువ్వే వేయించు," అన్నాడు. నేను తడబడలేదు. ఎలా ఉండాలో నాకు ఏళ్లుగా తెలుసు.

వన్ టౌన్‌లో పాత ప్రెస్సుకు వెళ్లి కూర్చున్నాను. పిన్నులు వద్దన్నాను, బంక ఒక్కటే అయితే కుదరదన్నాను. మైనం పట్టించిన నూలుదారంతో కుట్టాలి. అట్టకు బైండింగుకు వాడే ముదురు రంగు కాలికో గుడ్డ, మూలలు గుండ్రంగా. కాగితం మీద లేత బూడిదరంగు గీతలు. కంపెనీ పేరు అట్ట లోపలి వైపు మాత్రమే. ప్రెస్సాయన విసుక్కున్నాడు.

"పేరు పైన లేకపోతే మీ సారు ఊరుకుంటాడేటమ్మా?"

"పేరు పైన ఉన్నవి జనం సొరుగుల్లో పడేస్తున్నారండీ. పేరు లేకపోతే జేబులో పెట్టుకుంటారు. మా సారుకు నేను చెప్పుకుంటాను."

చెప్పాను. ఆయన కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. బైండింగు మొదటి విడత కుట్టు వదులుగా వస్తే వెనక్కు పంపాను. రెండోసారి సరిగ్గా వచ్చింది.

కొత్త సంవత్సరం నాడు ఒకటి తీసుకుని గాజువాక వెళ్లాను. బావ కళ్లద్దాలు పెట్టుకుని చాప మీద కూర్చున్నాడు. వెన్ను నొక్కాడు. పేజీ పట్టుకుని లాగాడు. తెరిచి నేల మీద పెట్టి చూశాడు, అది తెరిచినట్టే పడుకుంది. కుట్టు లెక్కపెట్టాడు. ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని ఆయన మళ్లీ మళ్లీ తిప్పుతుంటే, వంటింట్లోంచి మా అక్క తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుంది. అలమారలో ఉన్న పెన్సిలు తీసి మొదటి పేజీ తెరిచింది.

"అయ్యయ్యో! కొత్తది! మొదటి పేజీ!" అని బావ అరిచాడు.

"కందిపప్పు, సింతపండు, కొబ్బరినూనె," అని పైకి చదువుకుంటూ రాసింది అక్క. రాసి, పుస్తకం నడుముకు దోపుకుని, "దీనికేటి, బాగానే ఉన్నాది," అని మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది.