విజిల్ వేస్తే దాక్కునే పిల్ల

నరసరావుపేటలో మనవరాలు ఈత నేర్చుకునే కొలను దగ్గర నేనూ రోజూ కాసేపు కూర్చుంటాను. పోటీల్లో తొందరగా దూకడం అలవాటు కావాలని వాళ్ళ కోచ్ ఫోనులో ఓ కూత పెడతాడు. అదెప్పుడు మోగుతుందో ఎవరికీ తెలియదు, మోగిన మరుక్షణం పిల్లలు నీళ్ళలో ఉండాలి. అది విన్నప్పుడల్లా ఈ వయసులోనూ నా భుజాలు ముడుచుకుంటాయి. ఎందుకో మన ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మా ఇల్లు మాచర్ల అవతల సున్నపురాయి క్వారీ పక్కనే ఉండేది. అమ్మకీ నాన్నకీ అక్కడే పని. రాతిలో మందు పేల్చేముందు విజిల్ వేస్తారు, అది వినపడితే ఆడుకునే పిల్లలమైనా, అన్నం తింటున్న పెద్దలైనా బండ చాటుకు చేరి చెవులు మూసుకోవాలి. నాకు మాటలు రాకముందే వచ్చిన విద్య అది. ఈత మాత్రం పని ఆపేసిన పాత గుంతలో నిలిచిన నీళ్ళలో వచ్చింది. అది చూసి మా బడి డ్రిల్లు మాస్టారు నన్ను గుంటూరు పోటీలకు పంపుతానన్నారు. అక్కడ ఎంపికైతే హాస్టల్లో ఉచితంగా చదువు, కాకపోతే బడి మానేసి నేనూ క్వారీకే.

తీరా మాస్టారు అందరినీ గుంత గట్టున నిలబెట్టి విజిల్ వేస్తే మిగతా వాళ్ళంతా నీళ్ళలోకి దూకారు, నేను వెళ్ళి బండ వెనక కూర్చున్నాను. పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. సంగతి విని నవ్వనిది అమ్మ ఒక్కతే. ఆ భయం పోగొడితే రేపు క్వారీలో నా గతేమిటని ఆవిడ బెంగ. మూడోనాడు సమ్మెట, గునపం పట్టుకుని తనే గుంత దగ్గరికి వచ్చింది.

“ఏమే, కాలివేళ్ళ కింద నీళ్ళుంటే చప్పుడుకి దూకు, రాళ్ళుంటే దాక్కో. ఈ రెండూ కలిపేశావంటే చంపుతా!”

నేను గట్టు అంచున వంగి నిలబడితే, వెనక నుంచి గునపం మీద సమ్మెటతో కొట్టేది. ఒకసారి వెంటనే, ఒకసారి పిక్కలు లాగేదాకా ఆగి, ఒకసారి ఊరికే దగ్గి నన్ను నీళ్ళలో పడేసి. ఎప్పుడు కొడుతుందా అని ఊహించబోతే మోసపోతానని, ఊరికే వింటూ ఉంటే మిగతాది కాళ్ళే చూసుకుంటాయని అలా తెలిసింది. ఆ తర్వాతే విజిల్ జోలికి వెళ్ళాం.

గుంటూరులో విజిల్ కాదు, ఏకంగా తుపాకీ పేల్చారు. గుండె గుభేల్మంది గానీ అప్పటికే నేను గాలిలో ఉన్నాను. అవతలి గోడ ముట్టుకుని తల ఎత్తితే మాస్టారు చిన్నపిల్లాడిలా గంతులేస్తున్నారు, ఎంపికయ్యానని! అమ్మ కోసం వెతికాను. జనంలో ఓ బెంచీ వెనక నుంచి, చెవుల మీది చేతులు అప్పుడే తీస్తూ మెల్లగా లేస్తోంది.

“ఏందే, దూకావా?” అని అరిచింది.

ఇప్పుడా క్వారీ మూతపడింది, అమ్మా లేదు. ఈ పిల్లలకి చప్పుడంటే ముందుకు దూకమనే అర్థం, దాక్కోవడమన్నది వీళ్ళు ఎరగరు. ఎంత హాయిగా ఉందో నాకు! అమ్మ కూడా నా పక్కన కూర్చుని ఉంటే, ఈసారైనా దాక్కోకుండా ఒక దూకు కళ్ళారా చూసి ఉండేది.