పదకొండిళ్ల తాళంచెవులు

మా అమ్మ కొంగున పదకొండు తాళంచెవులు ఉండేవి. మాకున్నది మాత్రం రెండు గదుల రేకుల ఇల్లు. పదకొండిళ్ల ఆసామివి గదా, ఒక్కటన్నా నా పేర రాయరాదా అని ఏడిపించేవాణ్ని. ఏడో తరగతితో బడి మానేసినవాడివి, రాసిచ్చినా చదువుకోలేవు పో అనేది.

మాది కొత్తకోట పక్క పల్లె. తెలంగాణ వచ్చాక కూడా కొన్నేళ్లు, వాన మొహం చాటేస్తే మా వాడలో సగంమంది పుణెకో బొంబాయికో కట్టడం పనులకు పోయేవారు. పోతూ పోతూ తాళంచెవి అమ్మ చేతిలో పెట్టేవారు. వారానికోసారి అమ్మ ఒక్కో ఇల్లు తెరిచి, ఊడ్చి, పొయ్యిలో నాలుగు పుల్లలు వెలిగించేది. పొగ తగలని ఇంటికి చెదలు పడతాయని ఆమె నమ్మకం. దసరాకు వాళ్లు తిరిగొచ్చేసరికి ఇల్లు ఇల్లులా ఉండాలి, అంతే.

ఒక ఏడు అమ్మ కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎడమ కన్ను అప్పటికే అంతంతమాత్రం. ఆలస్యం చేస్తే చూపు తిరిగి రాదని పాలమూరు దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ అయ్యాక నెల దాకా పొయ్యి దగ్గరికి పోవద్దంది. అక్కడే వచ్చింది చిక్కు. దసరా అయినంక చూద్దామని అమ్మ మొండికేసింది. పుణె నుంచి ఎదురింటి వదిన ఫోన్ చేసి, తన ఇంట్లో దొంగ పడినా వాడే ఏమన్నా పెట్టిపోవాలని, ముందు కన్ను చూసుకోమని చెప్పినా వినలేదు.

చివరికి ఆ పని నేను చేస్తానన్నాను.

"బడి ఎగ్గొట్టినట్టు గిది గూడ ఎగ్గొడ్తెనో?" అంది అమ్మ.

"గీడ పంతులు లేడు గదనే, ఎవలకు భయపడి ఉరకాలె?"

నవ్వి, కొంగు ముడి విప్పింది.

ఆపరేషన్ అయిన మర్నాడే నా తెలివి చూపించాను. ప్రతి తాళంచెవికీ ఒక మాసిన పేలిక కట్టి ఉంది. అమ్మకు చదువు రాదు కాబట్టి గుర్తుకోసం కట్టుకుందనుకుని అన్నీ కోసేసి, అట్టముక్కల మీద పేర్లు రాసి కడదామని కూర్చున్నాను. కోసేశాక గానీ ఏది ఎవరిదో నాకు తెలియదన్న సంగతి గుర్తుకు రాలేదు. పదకొండు తాళంచెవులూ పట్టుకుని, కంటికి పట్టీతో పడుకున్న అమ్మ దగ్గరికి పోయాను. తిట్టలేదు. ఒక్కోదాని పళ్లు వేలితో తడిమి ఎవరిదో చెప్పింది. ఒక్కటీ తప్పు పోలేదు.

"మరి పేలికలెందుకే?" అన్నాను.

"గుర్తుకు గాదు బిడ్డా. అది ఆ ఇంటామె చీర పేలిక. ఆమె పోయి గాడ ఇటుకలు మోయవట్టె. ఆమె కొంగన్న వారానికోపారి ఇంట్ల తిరగాలె గద."

కోసేసిన పేలికలన్నీ ఏరి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఏ పేలిక ఎవరిదో కూడా ఆమె వేళ్లే చెప్పాయి. అన్నీ మళ్లీ కట్టాను. నెలంతా పదకొండు పొయ్యిలు ఊది, అమ్మ బదులు నా కళ్లు ఎర్రగా చేసుకున్నాను.

నెల దాటాక నల్లద్దాలు పెట్టుకుని అమ్మ తనిఖీకి బయలుదేరింది. ఎదురింటి తలుపు తీసి, పైకప్పు మూలకు చూసి ఆగిపోయింది.

"గీ బూజు ఎప్పటిసందిరా?"

"నీ హయాంలదేనే. నేనొచ్చి నెలనే గద."

నిజంగానే అది ఏళ్లనాటి బూజు. ఆ ఇళ్లను అమ్మ ఎంతకాలంగా సరిగ్గా కనబడకుండానే కాపాడుతూ వచ్చిందో అప్పుడు తెలిసింది. ఒక్క ఇంట్లో కూడా చెద పట్టలేదు.

పొడుగు కర్రకు చీపురు కట్టుకుని రమ్మంది. ఆమె వేలు పెట్టి చూపిస్తుంటే ఇల్లిల్లూ తిరిగి దులిపాను. నెత్తినిండా దుమ్ము. గదో, గా మూలకు ఇంకింత ఉన్నది అంటూనే ఉంది. ఆ రోజు ఆమెకు ఎంత బూజు కనబడితే నాకు అంత సంతోషం.