మా యారాలు ఏరికోరి కొన్న పాత పికప్

మా యారాలు పోయింది. యారాలంటే మా వైపు మాటలో తోటికోడలు, మా బావగారి భార్య. ఒకే సందులో ఉండేవాళ్ళం, నేను అక్కా అని పిలిచేదాన్ని. అమీర్‌పేటలో కోచింగుల కోసం వచ్చే ఆడపిల్లలకు నేనొక చిన్న హాస్టల్ నడుపుతాను. ఆ మధ్యాహ్నం వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతుంటే మా ఆయన ఫోన్ చేసి, "వదిన లేదే" అన్నాడు. తరవాత ఏడ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏడుపు నేను వినడం అదే మొదలు. పొయ్యి ఆపి అక్కడే కూలబడ్డాను. నాకూ ఏడుపొచ్చింది. కానీ దానికంటే ముందు, నేను పోతే ఈయన ఇట్లా ఏడుస్తాడా అన్న ఆలోచన వచ్చి పోయింది. ఆమె గురించి రాయాలంటే ఆ మాటతోనే మొదలుపెట్టాలి. ఆమెను కుళ్ళుకోకుండా చూసిన రోజు నాకు గుర్తులేదు.

పంజాగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో రక్తం తీసే ఉద్యోగం ఆమెది. పరగడుపున వచ్చేవాళ్ళ కోసం పొద్దున్నే వెళ్ళేది, మధ్యాహ్నానికి డ్యూటీ దిగేది. వికారాబాద్ దారిలో మా మామగారి పొలం ఉంది. ఆయన పోయాక అన్నదమ్ములు చెరి సగం తీసుకున్నారు. మా సగం కౌలుకిచ్చేశాం. తమ సగం తనే చేస్తానంది ఆమె. జామ పెట్టింది, సాళ్ళ మధ్య వంకాయ, టమాట వేసింది. బస్సులో ఎరువు బస్తాలు ఎక్కించలేక, కాయ అమ్మడానికి ఆటోట్రాలీ వాళ్ళను బతిమాలలేక విసిగిపోయి, ఒక సాయంత్రం మా గుమ్మంలో నిలబడి చెప్పింది.

"చెల్లె, పాత పికప్ ఒకటి తీస్కుంటున్న. పొలానికి అదే, డ్యూటీకి అదే. రెండు బండ్లు నాతోని గాదు."

మొదట నవ్వొచ్చింది. ఆ వయసులో చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ పంజాగుట్ట సర్కిల్లో పికప్ తోలుతుందా! నవ్వు ఆగేసరికి కడుపులో మంట మొదలైంది. బావగారు ఒక్క మాట అడ్డు చెప్పలేదట. నేను కారు నేర్చుకుంటానంటే మా ఆయన, "గీ ట్రాఫిక్‌ల నీకెందుకే" అని టీవీ వైపు తిరిగిపోయాడు.

"చూడనీకి నువ్వు సుత రావాలె," అంది ఆమె.

"నాకేం తెలుసక్కా బండ్ల గురించి?"

"నీ కండ్లకు ఏదీ ఓపట్టాన నచ్చది. గందుకే నువ్వు గావాలె. ఆ కండ్లు జర నా మీదికెళ్లి తీసి బండ్ల మీద పెట్టు."

అంటే ఆమెకు అన్నీ తెలుసు. తెలిసీ నవ్వుతూ పిలిచింది. అది ఇంకా కోపం తెప్పించింది. అయినా వెళ్ళాను.

ఆదివారాలు సనత్‌నగర్ షెడ్ల వెంట తిరిగాం. పాత బండ్లు అమ్మేవాళ్ళందరూ మా వెనకాల ఎవరైనా వస్తున్నారా అని చూసేవాళ్ళు. "సార్ రాలేదా అమ్మా?" అని అడిగితే, "సార్‌కు బండ్లు తెల్వయి అన్నా, నాతోని మాట్లాడు" అనేది. ఆ మాట ఎంత తేలిగ్గా అనేదంటే, నేను ఇంటికొచ్చి అద్దం ముందు అనుకుని చూశాను. నా నోట్లో అది తగువులాగా పలికింది.

మొదట చూసిన బండికి ముందు ఇద్దరికే చోటు. వెనక తొట్టి మాత్రం పొడుగ్గా, గట్టిగా ఉంది. ఆమె చెప్పులు విడిచి తొట్టిలోకెక్కి, అటు చివరి నుంచి ఇటు చివరికి అడుగులు గట్టిగా వేస్తూ నడిచింది. బాగా నచ్చిందని ముఖం చెబుతోంది. అయినా దిగొచ్చింది.

"పసుపు నంబర్ ప్లేటు బండి. పొద్దుగాల డ్యూటీకి పోతుంటే లోడు బండని ఆపుతరు. అత్తమ్మ వస్తనంటే ఏడ కూసోపెట్టాలె? ఇది పూర రైతు బండి చెల్లె. నేను సగమే రైతును." చెప్పులు తొడుక్కుంటూ మళ్ళీ అంది, "పొలంల దిగనీకి సిగ్గువడొద్దు, పంజాగుట్టల తిరగనీకి భయపడొద్దు. నాకు గసొంటిది గావాలె."

రెండోది తెల్లగా మెరిసిపోతోంది. తెల్ల ప్లేటు, రెండు వరసల సీట్లు, వెనక పొట్టి తొట్టి. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుని, పిల్ల తల నిమిరినట్టు దాన్ని నిమిరింది. ఆమె ముఖంలో ఆశ అంత పచ్చిగా కనబడటం నేనెప్పుడూ చూడలేదు. కొననీ, నాలుగు రోజులు తిరిగాక నడిరోడ్డు మీద ఆగిపోనీ అనుకున్నాను లోపల. అనుకుంటూనే, అలవాటు కొద్దీ వంగి కింద చూశాను. అడుగున నల్ల రంగు కొత్తగా ఉంది. ఒక్కచోట మాత్రం మందంగా ఉంది. గోరుతో గీకితే వెల్డింగు గీత తేలింది.

"అక్కా, గీడ అతుకేసిన్రు."

నోరు దానంతటదే అనేసింది. అమ్మేవాడు, "చిన్న దెబ్బమ్మా, ఫికర్ లేదు" అని మొదలుపెట్టాడు. ఆమె మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసింది. లేచి, నా వేలికంటిన నలుపును తన కొంగుతో తుడిచి, "నడువు, పోదాం" అంది. ఆశపడ్డ బండి చేజారినా ముఖం మాడ్చుకోలేదు. నేనైతే ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు.

మూడోది ఒక నర్సరీ యజమాని వాడిన బండి. మట్టిరంగు. అదీ రెండు వరసల సీట్లదే, తెల్ల ప్లేటుదే. ఆ రోజు ఆమె నా హాస్టల్ బియ్యం బస్తాలు ఆటోలో వేయించుకుని మరీ వచ్చింది. "బండిని ఖాళీగ చూసి కొనొద్దు, బరువేసి చూడాలె. మనుషులను సుత గంతే," అంటూ బస్తాలు తొట్టిలోకి ఎక్కించింది. నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి ఫతేనగర్ ఫ్లైఓవర్ ఎక్కించింది. సరిగ్గా ఎత్తు మధ్యలో ఆపింది. వెనక బస్సు హారన్ మోగిస్తోంది. నేను కళ్ళు మూసుకున్నాను. బండి వెనక్కి జానెడు కూడా జారకుండా ముందుకు కదిలింది.

షెడ్డుకు తిరిగొచ్చాక, "ఇగ చెప్పు, ఏమేం తప్పులున్నయి?" అంది.

చెప్పాను. ఎడమ తలుపు ఎత్తి వేస్తేనే పడుతుంది. సీటు చిరిగింది. బంపరు సొట్టపోయింది. ఏసీ మూలుగుతుంది. ఖాళీగా పోతే స్పీడు బ్రేకర్ల మీద నడుం విరుగుతుంది. రంగు చూస్తే కడగాలనిపిస్తుంది, కడిగినా అట్లాగే ఉంటుంది.

"అన్నీ బయటికి కనవడేటియే గద? లోపల దాచిందేమన్న ఉన్నదా?"

మళ్ళీ కిందికి వంగి అంగుళం అంగుళం చూశాను. ఏమీ దొరకలేదు. "లేదు" అన్నాను, అయిష్టంగా.

"గట్లైతే ఇదే తీస్కుందాం. నీ లెక్కనే ఉన్నది చెల్లె. లొల్లి జేస్తది గని లోపల అతుకుల్లేవు."

నన్ను ఎవరైనా మెచ్చుకున్నారంటే అదే. ఆ తరవాత కూడా అంతకన్నా మంచి మాట ఎవరూ అనలేదు. అదీ ఆమె నోటి నుంచే రావాలా అని ఉడుక్కున్నాను.

ఇక ఆ బండి వచ్చాక నా బతుకు చెప్పక్కర్లేదు. మా అత్తమ్మ నా స్కూటీ ఎక్కమంటే మోకాళ్ళు నొప్పులనేది. పికప్ ముందు సీట్లోకి మాత్రం నవ్వుతూ ఎక్కేది. మా ఆయన ఆదివారం పూట పైపు పట్టుకుని వదిన బండి కడిగేవాడు. నా హాస్టల్‌కు కూరగాయలు ఆమె పొలం నుంచే వచ్చేవి. హారన్ వినబడితే పిల్లలు చదువులు వదిలేసి మెట్ల మీద నుంచి పరిగెత్తేవాళ్ళు. ఒక వానాకాలం మైత్రీవనం దగ్గర రోడ్డు చెరువైంది. పిల్లలకు పరీక్ష ఉంది, ఆటోలు లేవు. అక్క డ్యూటీ యాప్రాన్ మీదే వచ్చి, లోపల కొందరిని, తొట్టిలో టార్పాలిన్ కింద కొందరిని ఎక్కించుకుని నీళ్ళు చీల్చుకుంటూ తీసుకెళ్ళింది. ఆ రోజు నుంచి ఆమె వాళ్ళకు పికప్ ఆంటీ. వాళ్ళకు మూడు పూటలా వండిపెట్టే నేను మేడంనే.

నా కూతురు ఉద్యోగంలో చేరాక డ్రైవింగ్ కూడా ఆమె దగ్గరే నేర్చుకుంది. "నువ్వు సుత నేర్చుకో చెల్లె, నేను నేర్పిస్త" అని నన్నూ పిలిచింది. నాకు పనుందని చెప్పాను. ఆమె పక్కన కూర్చుని తడబడటం నా వల్ల అయ్యే పని కాదు.

చనిపోయిన రోజు ఆమె సెలవు పెట్టి జామకాయలు కోయిస్తోంది. ఛాతీ బరువుగా ఉందని గట్టు మీద కూర్చుందట. కోతకొచ్చిన ఆడవాళ్ళు నీళ్ళు తాగించారు. బండి పక్కనే ఉంది, తాళంచెవి దానికే ఉంది. తోలడం వచ్చినవాళ్ళు లేరు. ఊళ్ళో నుంచి ఆటో పిలిపించి ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు. ఇంతమందిని ఎక్కించుకుని తిరిగిన మనిషిని ఎక్కించుకుని పోవడానికి ఒక్కరు లేకపోయారు. అది తలుచుకుంటే నాకు అన్నం దిగదు.

ఆమెను చూడటానికి మా సందు పట్టనంత మంది వచ్చారు. ఎవరో ముసలాయన నాకు మోచేయి మడత చూపిస్తూ, "నా నరం ఎవ్వలకు దొరకదమ్మా. ఆమె ఒక్కసారికే పట్టేది, నొప్పి తెల్వకపోయేది" అని ఏడ్చాడు. మనుషుల మోచేతుల్లో కూడా ఆమె జ్ఞాపకం ఉంది. నేను ఆ జనాన్ని చూస్తూ నిలబడ్డాను.

కర్మలయ్యాక, ఆమె వస్తువులు తీసుకెళ్ళమని పంజాగుట్ట సెంటర్ నుంచి కబురొచ్చింది. బావగారు వెళ్ళలేనన్నారు. నా కూతురు పికప్ తీసింది, నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. క్లచ్ మీద కాలు, సందు మలుపులో రెండుసార్లు కొట్టే హారన్, అన్నీ ఆమెవే నా పిల్లకు వచ్చాయి. నావి ఏం వచ్చాయో అని వెతుక్కుంటూ కూర్చున్నాను.

సెంటర్ సెల్లార్ ముందు బండ్లు ఆగి ఉన్నాయి. చోటు లేదని కార్లను వెనక్కి పంపిస్తున్నాడు ఒక ముసలి వాచ్‌మన్ భాయ్. గోడవారన ఒక్క ఖాళీ ఉంది. అక్కడ రెండు ఇటుకలు అడ్డం పెట్టి ఉన్నాయి. మా బండి కనబడగానే ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నవాడు ఆపేసి, గబగబా వెళ్ళి, వంగి రెండు ఇటుకలూ ఎత్తి పక్కకు జరిగాడు. జరిగి, రమ్మన్నట్టు తలూపాడు. అప్పుడు అద్దంలోంచి నా కూతురి ముఖం చూశాడు.

నేను దిగాను. "మేడం జాగ అమ్మా ఇది," అన్నాడు మెల్లగా. "రోజూ పట్టి పెడుతున్న. ఎవ్వలకూ ఇస్తలేను."

ఇంత పెద్ద ఊళ్ళో నా కోసం ఎవరైనా ఒక్క ఇటుక అడ్డం పెడతారా అనుకున్నాను. వెనక కార్లు హారన్లు మోగిస్తున్నాయి. నా కూతురు స్టీరింగ్ పట్టుకుని ముందుకు రాలేకపోయింది. ఆయన ఆ ఇటుకలు కింద పెట్టలేదు. చేతికొకటి పట్టుకుని, ఆ ఖాళీ పక్కన అట్లాగే నిలబడి ఉన్నాడు.