కొంగు పోగులు

ఆ అవ్వ పేరు నేను అడగనే లేదు. ఆమె కోపం మాత్రం ఇప్పటికీ యాదికున్నది.

సిరిసిల్ల దవాఖానల మా నాయిన పక్క మంచం మీద ఆమె పెనిమిటి ఉండె. మతిమరుపు రోగం, దాని మీద జ్వరం. ఆ రోజు తెలంగాణ బందు. బయట రోడ్డు మీద నినాదాలు. అవ్వ చాయ్ తెచ్చేసరికి నర్సమ్మ ముసలాయన చేతులు మంచానికి కట్టేసింది.

"గ్లూకోజు పైపు గుంజుతుండు. బందుల నేనొక్కదాన్నే వచ్చిన. ఎంతమందిని చూడాలె?" అన్నది.

"గుంజుతలేడు!" అవ్వ అరుపుకు వార్డంత లేచి కూసున్నది. "నలభై ఏండ్లు మరమగ్గం నడిపిండు. అది తెగిన పోగనుకొని ముడేస్తుండు. దొంగను కట్టేసినట్టు కడ్తవా?"

తనే కట్లు విప్పింది. కొంగు అంచుల రెండు పోగులు గుంజి ఆయన వేళ్లల్ల పెట్టింది. చిటికెల ముడి పడ్డది. ఆయన మళ్ల పైపు జోలికి పోలే. నర్సమ్మ ఇంకో మంచం కాడికి పోయింది.

ముసలాయన అవ్వను ఎగాదిగ చూసిండు. "ఎవరమ్మా నువ్వు, మగ్గాల సేటు పంపిండా? ఇంకో పోగియ్యి" అన్నడు.

అవ్వ మొఖం ఎర్రబడ్డది. "మగ్గం యాదికున్నది, నేను లేనా? నీ మగ్గం పాడుగాను!"

తిట్టుకుంటనే ఇంకో పోగు గుంజింది. మేం ఇంటికి పోయే నాటికి ఆమె కొంగు జానెడు పొట్టిగైంది.