తలుపు కింది తుప్పు

తాతనాటి కారు తలుపును నేను గరుకు కాగితంతో రుద్దుతుంటే లేచే తుప్పు వాసనకు నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

చిన్నప్పుడు సింగానల్లూరు ఇంటి ముందు నాయన ఆదివారాలు ఆ తుప్పు గీకి, పుట్టీ పెట్టి, రంగు వేసేవాడు. నాకు అనుమానం వచ్చింది. మా ఎద్దును సంతకు తోలే ముందు కూడా కొమ్ములు చెక్కి రంగు వేశారు మరి.

"అమ్మేదానికా నాయనా?"

"లేదు కన్నూ, మనకే."

ఎద్దప్పుడూ ఇదే మాట చెప్పి అమ్మేశాడు. అందుకే, తుప్పు పోకుంటే అమ్మలేడని, ఎవరూ చూడకుండా రోజూ తలుపు కింద ఉప్పునీళ్లు పోశాను.

తుప్పు మళ్లీ మళ్లీ లేచింది.

"ఆ అంగడి కడైకారుడు కల్తీ పుట్టీ ఇచ్చి ఏమార్చినాడు," అన్నాడు నాయన.

కారు ఎన్నడూ అమ్మలేదు. చనిపోయేదాకా నాయన మళ్లీ ఆ అంగడి గడప తొక్కలేదు.

పోయిన వారం అక్కడే పుట్టీ కొని అదే తలుపుకు పెట్టాను. గట్టిగానే పట్టింది.